మాడలే, నేనే మాడబెట్టిన

మా సందు మొదట్లో ఉన్న కర్రీ పాయింట్ షట్టరుకు మొన్న ఒక ఫ్లెక్సీ కట్టారు. పూలదండ వేసిన ఫోటో, ఫోటోలో మనిషికి ఇస్త్రీ చొక్కా. ఆయన్ని నేను ఇస్త్రీ చొక్కాలో ఎప్పుడూ చూడలేదు కాబట్టి, ఎవరో కార్పొరేటర్ గారి మామగారై ఉంటారనుకుని దాటిపోయాను. మెట్రో మెట్లు సగం ఎక్కాక అనుమానం వచ్చి, జనాన్ని తోసుకుంటూ మళ్ళీ దిగాను. ఆయనే. మా కర్రీ పాయింట్ అన్న.

ఫోటో కింద పెద్ద అక్షరాలతో "అకస్మాత్తుగా జరిగిన మీ మరణం మమ్మల్ని కలచివేసింది" అని వేయించారు. నాకు ఏడుపు రావలసిన చోట చిరాకు వచ్చింది. 'జరిగిన', 'అయిన', 'పడిన' లాంటి మాటలకు ఆ మనిషి ఆమడ దూరంలో ఉండేవాడు. వాటిని తీసుకొచ్చి ఆయన గడ్డం కిందే అచ్చు వేయించారు. పేరు కూడా ఆ ఫ్లెక్సీ మీదే మొదటిసారి చదివాను. బతికుండగా తెలుసుకోని పేరుతో పోయాక పిలవడం నాకు ఎబ్బెట్టుగా ఉంది. అందుకని ఇక్కడ రాయడం లేదు.

నాది తణుకు దగ్గర. కరోనా గొడవ సద్దుమణిగాక పంజాగుట్టలో ఉద్యోగం దొరికి ఈ ఊరు వచ్చాను, అమీర్‌పేట సందుల్లో అద్దెకు దిగాను. వంటకీ నాకూ చుక్కెదురు. కుక్కర్లో ఇన్ని బియ్యం పడేసి, కూరలు బయట కొనుక్కునే రకం. చుట్టూ హాస్టళ్ళు, కంప్యూటర్ కోర్సుల బోర్డులు, వాటి కింద అడుగడుగునా కర్రీ పాయింట్లు. అందులో ఇంటికి దగ్గరని మాత్రమే ఆయన దగ్గరికి వెళ్ళాను.

మొదటిరోజే పప్పు ఇమ్మంటే ఆయన గరిటె ఎత్తి మళ్ళీ పెట్టేశాడు.

"పప్పు తీస్కోకండ్రి మేడం. అడుగు మాడబెట్టిన."

అమ్ముకునేవాడు ఇలా అనడం నేను ఎక్కడా వినలేదు. "మాడిందా?" అన్నాను.

"మాడలే. నేను మాడబెట్టిన. ఫోన్ మాట్లాడుకుంట దించలే."

"మాడిందంటే చాలదా అన్నా? మీరే మాడబెట్టారని దండోరా వెయ్యాలా?"

ఆయన దొండకాయ వేపుడు కవర్లో వేసి, గాలిలో ఒక్క తిప్పు తిప్పి, బొటనవేలికి ఉన్న రబ్బరు బ్యాండ్లలో ఒకటి లాగి ముడి వేశాడు. "మాడింది అంటే తప్పు పప్పుది అయితది గద మేడం" అన్నాడు. నవ్వుతూ అనలేదు. పొట్టి మనిషి, గట్టి ముంజేతులు, భుజం మీద తువ్వాలు, ఎదుటి మనిషిని సూటిగా చూసే కళ్ళు. తప్పు చెప్పేటప్పుడు ఇంకా సూటిగా చూసేవాడు. మామూలుగా మనం అప్పుడే కదా నేల చూపులు చూసేది!

నేను ఈ ముక్క ఆఫీసులో చెప్పి అందర్నీ నవ్వించాను. కొన్నాళ్ళు మా సెక్షన్లో అదొక ఆట. ఫైలు కనపడకపోతే "నేను మాడబెట్టిన మేడం", ప్రింటర్ ఆగిపోతే "నేను మాడబెట్టిన మేడం". ఆయన యాస తీయడంలో నాకు మంచి పేరొచ్చింది.

ఆయన భాష అంతా అదే వరస. గ్లాసు పగిలితే 'పగలగొట్టిన', పాలు పొంగితే 'పొంగబెట్టిన', బేరం పోతే 'పోగొట్టుకున్న'. కరెంటు పోతే 'తీసేసిండ్రు' అనేవాడు. ఆయన లెక్కలో తనంతట తాను పడేది వాన ఒక్కటే. సాయంత్రం కూరలన్నీ బల్ల మీద సర్దాక, వచ్చినవాళ్ళకు ఆరోజు ఏది ఎలా పాడు చేశాడో ముందే చెప్పేసేవాడు. "గోంగూరల ఉప్పు ఎక్కువేసిన. పచ్చిపులుసు మంచిగనే చేసిన. ఇష్టముంటే తీస్కోండ్రి." హాస్టల్ కుర్రాళ్ళు వెనక నవ్వుకునేవాళ్ళు. నేనూ ఆయనా సాంబారు దగ్గర పోట్లాడుకునేవాళ్ళం. నేను పులుపు ఎక్కువంటే, "మీ గోదారోళ్ళకు బెల్లం వెయ్యంది సాంబారు దిగదు గద" అని ఎత్తిపొడిచేవాడు. మనిషి సరసం తెలియనివాడేం కాదు.

ఒకటే ఎంత పోట్లాడినా మారలేదు. అన్నం. ఆదివారాలు ఒళ్ళు బద్ధకించి అన్నం కూడా కొనేదాన్ని. ముద్ద ముద్దగా ఉండేది. అంత పెద్ద గిన్నెల్లో వండేవాళ్ళు గంజి వార్చకపోతే అన్నం పొడిపొడిగా ఎలా వస్తుంది?

"గంజి వార్చండి అన్నా, పుణ్యం ఉంటుంది."

"వార్చుడు బంద్ చేసిన మేడం."

"ఎందుకని?"

దానికి మాత్రం కవరు ముడి వేసి నా చేతిలో పెట్టేశాడు. వెనక గదిలో ఆయన భార్య గిన్నె కడుగుతోంది. ఆ చప్పుడు ఆగింది.

ఒక ఆదివారం పొద్దున్నే మూడంతస్తులు ఎక్కి వచ్చి మా తలుపు కొట్టాడు. ఆయాసపడుతున్నాడు. గ్యాస్ సిలిండర్ బండి తోసుకుపోతూ కింద పెట్టిన నా స్కూటరుకు తగిలించాడట. "మీ స్కూటర్‌ను గీకిన మేడం" అన్నాడు. దిగి వెళ్ళి చూస్తే, వేలు పెట్టి చూపిస్తే తప్ప కనపడని గీత. దానికి ముందే ఒళ్ళంతా గీతలు.

"దీనికా ఇన్ని మెట్లు ఎక్కారు? పడితే పడిందిలే అన్నా."

"పడలే మేడం. నేను గీకిన."

"సరే, గీకారు. అయిందేదో అయింది, వదిలెయ్యండి."

ఆ మాటతో ఆయన ముఖం వాడిపోయింది. నాకు అర్థం కాలేదు. మనవాళ్ళలో ఎవరైనా ఎవరినైనా క్షమించాలంటే వాడే మాట అదే కదా. ఆయన మాత్రం అక్కడే నిలబడిపోయాడు.

"గట్ల అనకండ్రి మేడం. తిట్టండ్రి. మంచిగుంటది."

తిట్టడం నాకు చేతకాని పని కాదు. "కళ్ళు నెత్తిన పెట్టుకుని తోస్తారా బండి?" అని మొదలుపెట్టి రెండు వాయించాను. ఆయన తలూపుతూ అంతా విని, తువ్వాలుతో ముఖం తుడుచుకుని, తేలికపడ్డట్టు వెళ్ళిపోయాడు. పిచ్చి మనిషి అనుకున్నాను.

ఆ ఎండాకాలమే ఒక సాయంత్రం, నా ముందు ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఒళ్ళు మాడిపోయే ఎండలో కూడా మణికట్టు దాకా చేతుల చొక్కా. పంజాగుట్టలో ఒక బ్యూటీ పార్లర్‌లో పనిచేస్తుందని నాకు తెలుసు, ఆఫీసుకు వెళ్తూ చూసేదాన్ని. నాగాలాండ్ నుంచి వచ్చింది. పేరు నరోలా. పలకడానికి ఏ కష్టమూ లేని పేరు. అయినా సందులో అందరూ 'ఆ నాగాలాండ్ పిల్ల' అనేవాళ్ళు, లేదా ఇంకో మాట అనేవాళ్ళు.

ఆ అమ్మాయి బల్ల మీద చేయి ఆనించి, "ఈరోజు ఏం పాడు చేసినావ్ అన్నా?" అని అడిగింది.

"పప్పుల మిరపకాయ ఎక్కువేసిన చెల్లె. ఆలుగడ్డ సక్కగ ఉడకబెట్టలే."

"అంటే తినేది ఏమీ లేదా?"

"పెరుగున్నది. అది నేను చెయ్యలే, పాకెట్‌ది."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆయన నవ్వగా చూడడం నాకు అదే మొదలు. ఆ అమ్మాయి వెళ్ళాక కూడా ఆ నవ్వు ఆయన ముఖం మీద కొంచెంసేపు ఉంది.

"బాగా చనువే మీ దగ్గర! ఎవరన్నా ఈ అమ్మాయి?" అని అడిగాను.

ఆయన నా కవరు ముడి వేసి, బల్ల మీద పెట్టి, నన్ను చూశాడు. "నేను ఆమె మీద వేడి గంజి పోసిన మేడం."

నేను తప్పుగా విన్నాననుకున్నాను. "పోయడమేంటి అన్నా... పడిందా?"

చూశారా, ఆ మాట నా నోట్లోనే ఎంత సిద్ధంగా ఉందో.

"పడలే. పోసిన."

వెనక ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు. ఆయన గొంతు తగ్గించలేదు. నేనే సిగ్గుపడి కవరు పట్టుకుని వచ్చేశాను. ఆ రాత్రి ఆ కవరు ముడి విప్పలేదు. రెండురోజుల తర్వాత మధ్యాహ్నం, బేరం లేని వేళ చూసి వెళ్ళి అడిగాను. ఆయన బల్ల తుడుస్తూ చెప్పాడు. ఏమీ దాచలేదు, ఏమీ మెత్తబరచలేదు.

"కరోనా వచ్చిన కొత్తల మేడం. ఇంకా లాక్‌డౌన్ పెట్టలే. అందరికీ ప్రాణభయం. ఫోన్ల అన్నీ గవే వీడియోలు, గిసోంటి మొఖాలోళ్ళే బీమారి తెచ్చిండ్రని. నేను సుత పది మందికి పంపిన. ఆమె అప్పుడు గీ సందుల హాస్టల్‌ల ఉండె. రోజూ నా దగ్గర్నే కూర కొనేది. చెల్లె అని పిలిచేటోన్ని. ఆ దినం లైన్ల నిలవడ్డది. ఎవడో 'ఏయ్ చైనా, నడువ్ ఈడికెల్లి' అన్నడు. ఇంకోడు బ్యాగు గుంజిండు. ఆమె నా దిక్కు చూసింది. నేను వాళ్ళను ఆపుతనని చూసింది. లోపల అప్పుడే అన్నం వార్చినం. గంజి గిన్నె నా చేతుల ఉన్నది. పోసిన."

ఎడమ భుజం నుంచి మోచేతి దాకా కాలిందట. ఆసుపత్రికి ఎవరూ తీసుకెళ్ళలేదు, బీమారి అంటుకుంటుందని. ఆ అమ్మాయే నడుచుకుంటూ వెళ్ళింది. హాస్టల్‌వాళ్ళు సామాను మెట్ల మీద పెట్టేశారు. పార్లర్ యజమానురాలు కేసు పెట్టించింది.

"స్టేషన్ల ఎట్లైందని అడిగిండ్రు మేడం. కాలు జారింది, గంజి పడ్డది అని చెప్పిన. నా భార్య గదే చెప్పింది. లైన్ల ఉన్నోళ్ళు గదే చెప్పిండ్రు. పై ఇంటి పెద్దమనిషి, గా ముందర కిరాణం ఆయన, అందరు గదే మాట. ఎవ్వరికి ఎవ్వరు నేర్పలే. అందరి నోట్ల అది తయారుగనే ఉండె. ఆమె పక్క బల్ల మీద కూసొని ఇంటున్నది. అప్పుడు ఆమెకు తెలుగు రాదు. పడ్డది, పడ్డది అని మస్తు మంది అంటుంటే, బయటికొచ్చినంక ఎవరినో అడిగిందంట, పడ్డది అంటే ఏందని."

కేసు అక్కడితో సరి. ఆ అమ్మాయి వాళ్ళ ఊరు వెళ్ళిపోయింది. నేనీ సందులోకి వచ్చింది ఆ తర్వాతే. నాకు కూరలు పోసిచ్చినవాళ్ళు, పాలు తెచ్చినవాళ్ళు, 'మీ కోస్తావాళ్ళు భలే కలుపుగోలు' అని నన్ను మెచ్చుకున్నవాళ్ళు, అందరూ ఆ వాక్యం చెప్పినవాళ్ళే. ఎవరిని అడిగినా "అప్పట్లో చిన్న గొడవైంది లెండి" అన్నారు.

నేను కొన్నివారాలు ఆయన దగ్గరికి వెళ్ళలేదు. మెట్రో పిల్లర్ పక్కన ఇంకో కర్రీ పాయింట్ పట్టాను. అక్కడ ఏదీ మాడేది కాదు, అంటే మాడినా చెప్పేవాళ్ళు కాదు. అసహ్యంతోనే మానేశానని నాకు నేను చెప్పుకున్నాను. కాని ఆఫీసులో ఎవరో ఏదో పారేసుకుని, నా వైపు చూసి "నేను మాడబెట్టిన మేడం" అనగానే అందరూ నవ్వారు. నాకు చెవులు కాలిపోయాయి. ఒక మనిషి సిగ్గును తీసుకెళ్ళి, టీ టైములో నలుగురికీ పంచిపెట్టానన్నమాట. దాని వెనక ఏముందో వాళ్ళకు చెబుదామనుకున్నాను. చెప్పలేకపోయాను. ఆ ఆట ఇప్పటికీ నడుస్తోంది.

మళ్ళీ వెళ్ళినరోజు ఇన్నాళ్ళూ ఏమయ్యారని ఆయన అడగలేదు. "బెండకాయ జిగురు జిగురు చేసిన" అన్నాడు. ఒక పావుకిలో ఇమ్మన్నాను. మిగిలిన కథ ఆ తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది.

నేను ఈ సందుకు రాకముందే నరోలా మళ్ళీ ఈ ఊరు వచ్చి అదే పార్లర్‌లో చేరింది. ఒక ఆఫీసుకు భోజనాలు ఇవ్వడానికి పంజాగుట్ట వెళ్ళినప్పుడు ఆయన ఆమెను చూశాడు. సోమవారం కొట్టుకు సెలవు. ఆ మధ్యాహ్నం వెళ్ళాడు. ఆడవాళ్ళ పార్లర్, లోపలికి రానివ్వరు. మెట్ల మీద, చెప్పులు విడిచే చోట నిలబడ్డాడు. ఆమె బయటికి రాగానే చేతులు జోడించాడు.

"తప్పైంది చెల్లె. ఆ దినం గట్లయిపోయింది. గంజి పడ్డది."

అప్పటికి ఆ అమ్మాయి తెలుగు నేర్చుకుంది. ఆయన్ని కిందినుంచి పైదాకా చూసి, ఒకటే అడిగిందట.

"పడిందా? పోసినావా?"

ఆయన జోడించిన చేతులు దించేసి, తిరిగొచ్చేశాడు. "ఒక్క మాట మేడం. ఇంట్ల అద్దం ముందర నిలబడి సుత అనలేకపోయిన. నోటికి అడ్డం పడుతుండె" అన్నాడు నాతో. తర్వాత సోమవారం వెళ్ళి నిలబడ్డాడు, చెప్పలేకపోయాడు. ఆ పై సోమవారం కూడా అంతే. కాపలా మనిషి రెండుసార్లు వెళ్ళగొట్టాడు. చివరికి ఒకరోజు మెట్ల కిందనుంచే, పైన వినపడేంత గట్టిగా అనేశాడు. "పోసిన. నేనే పోసిన. తెలిసే పోసిన."

ఆమె పైనుంచి, "నాకు తెలుసు అన్నా. తెలియనివాళ్ళకి చెప్పు" అంది.

ఒక సాయంత్రం, కొట్టు ముందు జనం బాగా ఉన్న వేళ, ఆయన గరిటె పక్కన పెట్టి చెప్పాడు. ఆ రోజు గంజి పడలేదని, తను పోశాడని, స్టేషన్లో అబద్ధం చెప్పాడని. పై ఇంటి పెద్దమనిషికి ఎక్కడలేని కోపం వచ్చింది. ఒక్క వాక్యం మారేసరికి వాళ్ళందరూ అబద్ధాలకోర్లయిపోయారు మరి. "అయిందేదో అయింది, ఇప్పుడు తవ్వి తీసుడెందుకు?" అని అరిచి, ఆ రోజునుంచి కూరలు మానేశాడు. ఇంకా చాలామంది మానేశారు. భార్య ఆయనతో నెలల తరబడి మాట్లాడలేదు.

స్టేషన్‌కూ వెళ్ళాడు. కేసు ఎప్పుడో మూసేశారు, అప్పటి అధికారులు మారిపోయారు. వాళ్ళు ఈయన్ని కూర్చోబెట్టి, విని, నవ్వి, వెళ్ళి పని చూసుకొమ్మన్నారట. "చాయ్ తాపిచ్చిండ్రు మేడం" అన్నాడు నాతో. ఆ మాట అంటున్నప్పుడు మాత్రం నా ముఖం చూడలేకపోయాడు. "నాకు చాయ్ ఇచ్చిండ్రు. ఆమెకు ఆ దినం నీళ్ళు సుత ఎవ్వరియ్యలే."

గంజి వార్చడం మానేసింది అప్పుడే. అయింది, పడింది అనడం మానేసింది కూడా అప్పుడే. వ్రతం ఏమీ పట్టలేదట. ఆ మాటలు నోట్లోకి వస్తే, స్టేషన్ బల్ల మీద కూర్చున్న ఆమె కనపడుతుందన్నాడు.

ఇదంతా చేశాక మళ్ళీ పార్లర్ మెట్ల దగ్గరికి వెళ్ళి, "మాఫ్ అయినట్టేనా చెల్లె?" అని అడిగాడు. ఆమె చెప్పిన జవాబు ఆయన నాకు కనీసం నాలుగుసార్లు చెప్పి ఉంటాడు, ప్రతిసారీ ఆ అమ్మాయి గొంతుతోనే.

"మాఫ్ అయ్యేది కాదన్నా, చేసేది. నేను చెయ్యాలి. ఇంకా చెయ్యలే."

ఆ జవాబును ఆయన తప్పు పట్టలేదు. సోమవారాలు వెళ్తూనే ఉన్నాడు. మెట్ల మీద కాసేపు కూర్చోవడం, ఆ వారం ఏం చేశాడో, ఏం పాడు చేశాడో చెప్పడం, వచ్చేయడం. కొన్నాళ్ళకు ఆమె కూడా రెండు మెట్ల పైన కూర్చునేది. ఒకరోజు తనే కొట్టుకు వచ్చింది, కూర కొనుక్కుంది. ఆమె వచ్చినప్పుడల్లా ఆయన భార్య లోపలి గదిలోకి వెళ్ళిపోయేది. ఆయన ముఖం మాత్రం దీపం పెట్టినట్టు ఉండేది. అయినా ఆ ఒక్క మాట ఆమె అనలేదు. ఆయన మళ్ళీ అడగలేదు.

నన్ను అడిగాడు. పోయిన చలికాలంలో, మధ్యాహ్నం వేళ, వేలికున్న రబ్బరు బ్యాండు మెలితిప్పుతూ.

"మేడం, మీరు ఆడోళ్ళు గద. అడిగితే మీకు చెప్తది. చేసిందా, ఇంకా లేదా. గంతే. నాకు తెలిస్తే చాలు."

"ఇలాంటివి మధ్యవర్తులతో అడిగించేవి కావన్నా" అన్నాను. సబబైన మాటే అన్నాను. ఆయన వెంటనే సిగ్గుపడి, "అవు, నిజమే, తప్పు చేసిన. మర్చిపోండ్రి" అన్నాడు. ఇప్పుడు ఆలోచిస్తే, అంత సబబుగా ఉండకపోయినా బాగుండేది.

ఫ్లెక్సీ చూసిన ఆ ఉదయం పక్క కొట్టతను చెప్పాడు. ముందురోజు తెల్లవారుజామున కూరగాయలు తేవడానికి వెళ్ళి మార్కెట్లో కూలబడ్డాడట. గుండె. నేను ఆఫీసుకు వెళ్ళలేదు. పంజాగుట్టలో దిగి తిన్నగా పార్లర్‌కు వెళ్ళాను.

నరోలా ఎవరిదో జుట్టు ఆరబెడుతోంది. అద్దంలో నన్ను చూసింది. దగ్గరికి వెళ్ళి, "అన్న పోయారమ్మా" అన్నాను. ఆమె చేతిలో డ్రైయర్ ఆపింది. మళ్ళీ వేసింది. ఆ కుర్చీలో ఉన్నావిడ జుట్టు మొత్తం ఆరబెట్టి, దువ్వి, వెనక అద్దం పెట్టి చూపించి, ఆవిడ బాగుందన్నాక అప్పుడు బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది. పై మెట్టు మీద కాదు, చెప్పులు విడిచే చోట.

"నేను మాఫ్ చేసినా మేడం" అంది. "ఎప్పుడో చేసినా. కొట్టుకు మొదటిసారి వెళ్ళినరోజే చేసినా. లేకపోతే ఆయన చేతి అన్నం ఎట్లా తింటా?"

"మరి చెప్పలేదేం?"

అక్కడ విడిచిన చెప్పుల్ని జతలుగా సర్దింది. ఏడవలేదు. ముఖం మాత్రం కందిపోయింది.

"చెప్తే ఇంక రాడనుకున్నా. ఈ ఊళ్ళో నా కోసం వచ్చేది ఆయన ఒక్కడే మేడం. నా మీద గంజి పోసిన మనిషి. ఇంకెవరూ లేరు. అది ఎవరికి చెప్పుకుంటా? సిగ్గు కాదా? అందుకే చెప్పలే. ఆయన అడగాలని చూస్తాడు, నాకు తెలుస్తుంది. నేను వేరే మాట తీస్తా. ప్రతి సోమవారం అట్లానే చేసినా."

 ఆమే లేచింది. "ఆయన భార్యకి చెప్పాలి. నాకు ఒక్కదానికి భయంగా ఉంది. మీరు రండి" అంది.

కొట్టు వెనకే వాళ్ళ ఇల్లు. బంధువులు ముందు గదిలో ఉన్నారు. ఆవిడ వంటగదిలో, ఆరిపోయిన పెద్ద పొయ్యి పక్కన చాప మీద కూర్చుని ఉంది. నన్ను చూసి తలూపింది. నా వెనక ఎవరున్నారో చూసి కొంగు సర్దుకుంది. ఈసారి లోపలికి వెళ్ళిపోవడానికి ఇంకో గది లేదు.

నరోలా నిలబడే చెప్పింది. "అమ్మా, నేను అన్నని మాఫ్ చేసినా. ఎప్పుడో చేసినా."

ఆవిడ కొంగు చివర వేలికి చుట్టుకుంది. తర్వాత, "నాకెందుకు చెప్తున్నవ్ బిడ్డా?" అంది. కోపంగా కాదు, అలసటగా. "ఆయనకు చెప్పాలె గద. ప్రతి సోమవారం వచ్చి గడపల చెప్పులిడుస్తుంటే నేను మొఖం చూసేదాన్ని. ఇయ్యాల చెప్పిందా, చెప్పలేదా అని. నేను అడిగేదాన్ని కాదు, ఆయన చెప్పేటోడు కాదు. మొఖం చూస్తే తెలిసేది. మొన్న సోమవారం సుత చూసిన."

"చెప్పలే అమ్మా. నేనే చెప్పలే."

"అయిందేదో అయింది, ఊరుకో అమ్మా" అనబోయాను. అలవాటు అలాంటిది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

ఆవిడ చాప మీద పక్కకు జరిగింది. "కూసో" అంది. నరోలా కూర్చుంది. ఎవరో చిన్నమ్మాయి టీ తెచ్చి పెట్టి వెళ్ళింది. ఎవరూ ముట్టుకోలేదు. ఆవిడ పొయ్యి వైపు చూస్తూ మాట్లాడడం మొదలుపెట్టింది.

"ఆయన బయట బల్ల కాడ ఉంటడు. పొయ్యి ఈడ నా దిక్కుంటది. ఆ దినం ఆయన చేతిలకు గంజి గిన్నె ఎట్ల వచ్చిందనుకున్నవ్?"

నరోలా తలెత్తింది.

"లొల్లి ఇన్న. కిటికీలకెల్లి చూసిన. నువ్వని ఎరుకే నాకు. ఇంట్ల చిన్నపిల్లలున్నరు, గీమె ఎందుకొచ్చింది ఈడికి అనుకున్న. మసిగుడ్డతోని పట్టుకొని నేనే తీస్కపోయి ఇచ్చిన. 'పోయ్' అన్న. ఆయన పోసిండు." ఊపిరి తీసుకుంది. "ఆయన ఏడ చెప్పినా నేను, నేను అనే చెప్పిండు. నీ ముందర, స్టేషన్ల, సందుల. నా ముచ్చట తియ్యలే. తీస్తడని భయపడి నేను నెలలు మాట్లాడలే ఆయనతోని. ఇగ తియ్యడని తెలిసినంక మాట్లాడిన."

నరోలా కుడిచేత్తో ఎడమ భుజం పట్టుకుంది. అక్కడ చొక్కా గుడ్డ నలిగిపోయేంత గట్టిగా. నేను గోడకు ఆనుకుని, ఎటు చూడాలో తెలియక టీ గ్లాసుల్ని చూస్తున్నాను. ఆ ఇంట్లో ఆ క్షణాన నేను ఉండకూడదు. అయినా వెళ్ళలేదు.

కాసేపటికి ఆ అమ్మాయి లేచింది. గడప దగ్గర చెప్పులు తొడుక్కోవడానికి చాలాసేపు పట్టింది. ఇక మాట్లాడకుండానే వెళ్ళిపోతుందనుకున్నాను. బయటికి ఒక అడుగు వేసి, ఆగి, వెనక్కి తిరగకుండానే అంది.

"మళ్ళీ వస్తానమ్మా. అప్పుడు ఇదే ఇంకొకసారి చెప్పండి."

"చెప్త బిడ్డా" అంది ఆవిడ.